దండాసి డాళ్లు

“అవి నీకు ఆటబొమ్మలు నాన్నా. మాకు ప్రాణాలు” అంది జయ, షెడ్డు తలుపుకి అడ్డంగా నిలబడ్డ తండ్రితో.

“ఆటకే సేసేను, ఆటకే ఉంటాయి. ఒక్కటీ ఇవ్వను” అన్నాడు దండాసి.

జయ వెనకాల ఆమె స్నేహితులు టోనీ, దివ్య, ఇంకా కొందరు నిలబడి ఉన్నారు. అందరి తలల మీదా కట్టుబడి పనివాళ్లు పెట్టుకునే పసుపు టోపీలు. యాంగోన్ నగరంలోని తాకేటా పేటలో, ఆ వీధి చివర వాళ్లు పేర్చిన ఇసక బస్తాల అడ్డు గుమ్మంలోంచే కనిపిస్తోంది. బర్మాలో సైన్యం అధికారం లాక్కున్న దగ్గర్నుంచీ ఊళ్లో సగం వీధులు అలాగే ఉన్నాయి.

తరాల కిందట బర్మా వలస వచ్చిన తెలుగువాళ్ల ఇంట పుట్టిన దండాసి, సేక్కాన్ రేవులో వెల్డరు. సెలవు దొరికిందంటే మాత్రం గజపతుల కాలం నాటి కాల్బంటు అయిపోతాడు. తనలాంటి పిచ్చే ఉన్న నేస్తాలతో కలిసి కవచం తొడుక్కుని, చర్చి వెనక మైదానంలో కర్ర కత్తులతో పాతకాలపు యుద్ధాలు ఆడతాడు. కవచాలు, డాళ్లు అన్నీ నూనె పీపాల రేకు కోసి తను చేసినవే. ప్రతి డాలు మీదా ఒకేలాంటి ఏనుగు బొమ్మ.

“ఊలే, ఒక్క మాట వినండి” అన్నాడు టోనీ. బర్మా వాడుకలో బాబాయి అన్నట్టు ఆ పిలుపు. “మిలట్రీవోల్లు కొట్టేది రబ్బరు తూటాలే.”

“ఇయ్యాల రబ్బరు. రేపు ఏటో నీకు తెలుసేటి? కర్ర దెబ్బకి ఆగుతాది. రాయికి ఆగుతాది. అసలు తూటా వస్తే ఈ రేకు కాయితంతో సమానం. సేసినోడిని నాకు తెల్దేటి?”

“అయితే ఒట్టి సేతుల్తో ఎల్తాం” అంది జయ. “ఎల్లడం మాత్రం మానం.”

దండాసి భార్య తులసమ్మ వంటింట్లోంచి తడిచేతులతోనే వచ్చింది.

“అది నీ మాట ఇనదయ్యా. ఆ రేకేదో దాని సేతిలో ఎట్టీ. ఏటీ నేకుండా నిలబడ్డం కన్నా నయం కదేటి” అంది.

దండాసి కూతురి మొహం చూశాడు, భార్య మొహం చూశాడు. పక్కకి తప్పుకున్నాడు.

పిల్లలు తలా ఒక డాలు అందుకున్నారు. జయ మోచేతికి డాలు తోలు పట్టీ దండాసే బిగించి, “కిందకి దించకు. కళ్లు తప్ప ఏటీ కనపడకూడదు” అన్నాడు. వాళ్లు వీధిలోకి వెళ్తుంటే ఎండకి ఏనుగులు మెరిశాయి. ఇరుగుపొరుగు అరుగుల మీదకి వచ్చి చప్పట్లు కొట్టారు. అంత భయంలోనూ దండాసి ఛాతీ కాస్త పొంగింది. ఇన్నాళ్లూ అందరూ నవ్విన తన పని, మొదటిసారి నిజం పనికి పోతోంది.

కాసేపటికి పక్క వీధి పిల్లలు కూడా వచ్చి అడిగారు. ఈసారి అతను కాదనలేదు. షెడ్డులో కొత్త రేకు పరిచి కొయ్యడం మొదలెట్టాడు.

మధ్యాహ్నానికి తుపాకుల చప్పుడు వినిపించింది. రబ్బరు తూటాల చప్పుడు అతనికి ఈపాటికి అలవాటే. ఇది అది కాదు. ఫోను తీశాడు. నెట్టు ఎప్పుడో కోసేశారు, కాల్ కూడా పోలేదు. బయటికి పరిగెత్తబోతుంటే గుమ్మం ముందే లారీ ఆగింది.

ఒక ఆఫీసరు, ఇద్దరు సైనికులు లోపలికొచ్చారు. ఆఫీసరు చేతిలో ఏనుగు బొమ్మ డాలు ఉంది. ఏనుగు కడుపులో వేలు దూరేంత కన్నం.

“ఇది చేసిందెవరు?” అన్నాడు బర్మీసులో.

“మాకు తెలీదు బాబూ. మా ఆయన బకెట్లకి మాట్లు వేస్తాడంతే” అంది తులసమ్మ, వచ్చీరాని బర్మీసులో.

ఆఫీసరు షెడ్డు వైపు చూశాడు. సగం చేసిన డాళ్లు బల్ల మీదే ఉన్నాయి. ఇక దాచడానికి ఏమీ లేదని దండాసికి అర్థమైంది.

“నేనే చేశాను” అన్నాడు. “పిల్లలకి ఏమీ తెలీదు. నేనే బలవంతాన చేతిలో పెట్టాను. నన్ను తీసుకుపొండి.” రెండు చేతులూ కలిపి ముందుకి చాచాడు.

తులసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ కన్నం పడిన డాలు ఎవరి చేతిలోదో అడగడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

ఆఫీసరు ఆ చేతుల్ని పట్టించుకోలేదు. “ఊలే” అన్నాడు మర్యాదగా. “దీనికి తూటా ఆగదని నీకు తెలుసా?”

“తెలుసు.”

“వాళ్లకి చెప్పావా?”

“చెప్పాను. వినలేదు.”

ఆఫీసరు తలూపాడు. బల్ల దగ్గరికి వెళ్లి, సగం చేసిన డాలు ఒకటి ఎత్తి, అంచు మీద వేలు పెట్టి చూసి, ఎక్కడ తీశాడో అక్కడే జాగ్రత్తగా పెట్టాడు. సైనికులకి సైగ చేశాడు. వాళ్లు దేన్నీ ముట్టుకోకుండా బయటికి నడిచారు.

దండాసి చేతులు ఇంకా చాచే ఉన్నాయి. “నన్ను పట్టుకెళ్లరా?” అన్నాడు.

“ఎందుకు?” అన్నాడు ఆఫీసరు గుమ్మం దిగుతూ. “నీ పని నువ్వు కానియ్యి ఊలే. నిన్నటిదాకా మా లారీ చప్పుడు వింటే చాలు సందుల్లోకి మాయమైపోయేవాళ్లు, ఒక్కడూ గురికి దొరికేవాడు కాదు. ఇవాళ నువ్విచ్చిన రేకు పట్టుకుని, అందరూ వరసగా నిలబడ్డారు.”