మెట్ల మీద చోటు

మైక్రోవేవ్ తలుపు మీద అంటించిన కాగితం చూసి అరుంధతికి ఒళ్లు మండిపోయింది.

"భారతీయులకు గమనిక. మీ కూరల వాసన మాకు పడదు. డబ్బాలు తీసుకుని మెట్ల దగ్గరికి పోండి. మీరు రాసే ప్రోగ్రాములకు వాసన లేదు కాబట్టి వాటిని మాత్రం లోపల పెట్టి వెళ్లండి."

కింద పేరు, వెండెల్.

నిన్నమొన్నటిదాకా ఆమె టెక్కా మార్కెట్ గోంగూరతో చేసిన పచ్చడి అడిగి మరీ వేయించుకున్న మనిషి!

అవి రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని లోకమంతా హడలిపోతున్న రోజులు. సింగపూర్ టాంపినీస్‌లోని ఆ ఆఫీసులో సగం మంది తెలుగువాళ్లే. వెండెల్ ఒక్కడే అమెరికా నల్లజాతివాడు, నలుగురు టీమ్ లీడర్లలో ఒకడు.

"వారం నుంచి చూస్తున్నానండీ," అన్నాడు అరుంధతి టీమ్ లీడరు సుధాకరరావు. "మన వాసన పడకే శాండ్‌విచ్ పట్టుకుని మెట్ల దగ్గరికి పోతున్నాడు. ఊరుకుంటే నెత్తికెక్కుతాడు. కంప్లెయింట్ రాయండి, అందరం సంతకాలు పెడతాం."

అరుంధతి ఆ కాగితం పీకి తిన్నగా వెండెల్ దగ్గరికి వెళ్లింది. సుధాకరరావు వెనకాలే వచ్చాడు.

"ఇది రాసింది మీరేనా?"

"నేనే. చివరి వాక్యం చదివావా?"

"మొదటిదే చాలు."

"అరుంధతీ, అది మీ మీద రాసింది కాదు. మా నాన్న ఒక చిన్న పత్రికలో ఇలాగే రాసేవాడు. మా నల్లవాళ్లకి అదో అలవాటు. తిట్టేవాడి గొంతుతోనే, ఇంకాస్త పెంచి రాస్తాం. చదివి వాడికే సిగ్గేయాలని."

"ఇక్కడ మమ్మల్ని తిట్టిందెవరు, మీరు తప్ప?"

వెండెల్ ఆమె వెనకున్న సుధాకరరావు వైపు చూశాడు. సుధాకరరావు తల తిప్పుకున్నాడు.

కంప్లెయింట్ మీద పద్నాలుగు సంతకాలు పడ్డాయి. సెలవు చీటీకి వారం తిప్పే మేనేజరు దీనికి గంట కూడా తీసుకోలేదు. సాయంత్రానికల్లా వెండెల్ ఉద్యోగం పోయింది, దాంతోపాటే వీసా.

పోతూ పోతూ పచ్చడి డబ్బా శుభ్రంగా కడిగి ఆమె బల్ల మీద పెట్టాడు. అరుంధతి దాన్ని అతను చూస్తుండగానే చెత్తబుట్టలో పడేసింది.

ఏడాది తిరిగేసరికి సుధాకరరావు వేరే కంపెనీకి మారాడు. ఆ కుర్చీ అరుంధతికి వచ్చింది. ఆయన బీరువా సర్దుతుంటే అడుగున 'లీడర్లకు మాత్రమే' అని ముద్ర ఉన్న ఒక సర్క్యులర్ దొరికింది.

భారతీయ సిబ్బంది ఇకపై లోపల తినరాదు, మెట్ల దగ్గర తినాలి. రాసింది మేనేజరు. నలుగురు లీడర్లూ సంతకం పెడితేనే అమలు.

తేదీ చూసింది. వెండెల్ కాగితానికి సరిగ్గా వారం ముందు.

వెండెల్ రాతతో అంత గొడవయ్యాక దీన్ని బయటపెట్టే ధైర్యం వాళ్లకి లేకపోయిందన్నమాట.

మూడు సంతకాలున్నాయి. మూడోది సుధాకరరావుది.

నాలుగో గడిలో సంతకం లేదు, వెండెల్ చేతిరాత ఉంది: "నేను పెట్టను, వాళ్లని పంపేట్టయితే మెట్ల మీద నాకూ చోటుంచండి, ఇవాళ్టి నుంచి నేనూ అక్కడే తింటాను."