పొరుగు గ్రహం

కారు అద్దాలన్నీ ఎత్తుకుని అప్పాజీ పెళ్ళానికి ఫోన్ చేశాడు.

అల్ ఐన్ అనే అరబ్బు ఊళ్ళోని ఆ విల్లాలో పనికి చేరాలంటే మేడమ్ పెట్టే షరతు ఒక్కటే. పెళ్ళి, సంసారం లాంటి తగులాటాలు ఉండకూడదు. పెళ్ళే కాలేదని చెప్పి డ్రైవరుగా చేరాడు అప్పాజీ. నిజం తెలిస్తే ఆ పూటే ఖలాస్. అందుకే కారు తుడిచే వంకతో షెడ్డులో దూరి, గొంతు తగ్గించి కాపురం చేస్తున్నాడు.

"దుర్గా, ఇంకో భూమి ఉందంట! మనుషులు బతకొచ్చంట!"

వీడియోలో చూసినప్పటినుంచీ ఆ గ్రహాన్ని తనే కనిపెట్టినంత హడావిడి అతనిది.

"ఎక్కడండీ?" గోడలకు చెవులుంటాయని వీరదుర్గ కూడా గుసగుసగానే అడిగింది.

"పక్కనే. ఓ బుల్లి నక్షత్రం చుట్టూ తిరుగుతుందంట. ఇక్కడ లైటేస్తే వెలుగు నాలుగేళ్ళకల్లా చేరిపోద్దంట."

"అది పక్కనా!"

"సైంటిస్టులకి పక్కనేనే."

"నీళ్ళున్నాయా?"

"ఉండొచ్చంట. గాలి కూడా ఉండొచ్చంట."

"మన రాజోలు ఏజెంటూ ఇలాగే చెప్పాడండీ. ఏసీ ఉండొచ్చు, సెలవుండొచ్చు అని."

ఏజెంటు మాట వినగానే అప్పాజీకి ఒళ్ళు మండింది. అయినా గ్రహం పరువు నిలబెట్టాలి కదా.

"అసలు సంగతి విను. అక్కడ పదకొండు రోజులకే ఏడాది అయిపోద్దంట."

"అయితే మన రెండేళ్ళ కాంట్రాక్టు నెల తిరక్కుండానే ఖలాసండీ!"

ఇద్దరూ నోళ్ళు మూసుకుని నవ్వుకున్నారు. నవ్వు ఆపుకుని ఆమే అడిగింది.

"మరి అక్కడ మొగుడూ పెళ్ళాల్ని ఒక గదిలో ఉండనిస్తారాండీ?"

అంత దూరాన నీళ్ళుండొచ్చని పసిగట్టిన మహానుభావులు ఈ ఒక్క ముక్కా చెప్పలేదు. అసలు ప్రశ్న ఎవరికీ తట్టదు, బాగా చదువుకున్నవాళ్ళకి మరీను. పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు ముద్దలు తిని ఏడాది దాటింది. అతనికి ఏడుపొచ్చింది.

"ఇంకా చూస్తున్నారంటలే" అన్నాడు ఎలాగో.

"ఉండండి, ఎవరో వస్తున్నారు." ఫోన్ కట్టయింది.

అప్పాజీ మొహం తుడుచుకుని కారు దిగేసరికి విల్లా వంటగది కిటికీ తెరుచుకుంది, వీరదుర్గ అన్నం పళ్ళెం బయటికి చాపి, లోపలున్న మేడమ్‌కి వినబడేలా, "డ్రైవర్ భయ్యా, ఖానా!" అని కేకేసింది.