అధికారి సంజాయిషీ

"సైకిలతను ఉన్నట్టుండి అడ్డం వచ్చాడని టైప్ చేయండమ్మా," అన్నారు రోడ్డు భద్రత అధికారి.

టైపిస్టు తలూపింది. ప్రమాదం జరిగిన రోజు మీటింగుకు వెళ్తూ ఆయన నడిపిన కారులో వెనక సీట్లో ఉన్నది ఆమే. ఆ సైకిలతను ఒక వడ్రంగి; తన దారిన తాను రోడ్డు వారగా సైకిలు తొక్కుకుంటూ వెళ్తున్నాడు. అధికారిగారు ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ, రెండో చేతిలో ఫోను చూసుకుంటున్నారు. "సార్, సైకిలు!" అని ఆమె అరిచేసరికే అంతా అయిపోయింది. వడ్రంగి అక్కడికక్కడే పోయాడు.

నిన్న అతని భార్య ఆఫీసుకొచ్చి ఆమెనే అడిగింది. "తప్పు మా ఆయనదేనంటున్నారు. నిజమేనా అక్కా?"

ఉద్యోగం గుర్తొచ్చి టైపిస్టు "నాకు తెలియదమ్మా" అని పంపేసింది. ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు.

అందుకే ఇవాళ ఆయన పేరుతో వెళ్లే నివేదికలో జరిగింది జరిగినట్టు టైప్ చేసింది. చివర్లో "తప్పు నాదే" అని చేర్చి, ఆయన ముందు పెట్టింది.

"ఒకసారి చదివి చూడండి సార్."

"మీరు టైప్ చేశాక ఇంక చూసేదేముందమ్మా!" అంటూ ఆయన సంతకం గీకేశారు.

నెల తిరక్కుండానే విచారణ మొదలైంది. "ఈ సంతకం మీదేనా?" అని అడిగారు పై అధికారి.

"నాదే సార్. కానీ ఒట్టు, నేను చదవలేదు! కాగితం వైపు చూస్తే కదా సార్! అప్పుడు కూడా ఫోనే చూసుకుంటున్నాను."

పై అధికారి కలం ఆగింది.

"అప్పుడు కూడానా?"