గురి తప్పని గద్ద

"బావా, ట్యాంకులో పొయ్యి ఆరిపోయింది! ఆపు, ఆపు!"

మైదానం అవతలి నుంచి బావమరిది రెండు చేతులూ ఊపుతూ పరిగెత్తుకొస్తున్నాడు. ఇంజినీరు తలెత్తి చూశాడు. పైన 'గద్ద' చక్కర్లు కొడుతోంది. అది ఆయన తయారుచేసిన డ్రోను. గాల్లో గంటల తరబడి తిరుగుతూ, కింద శత్రువు ట్యాంకు కనిపించగానే మీదపడి దానితోపాటు పేలిపోవడం దాని పని. ఆకారాన్ని బట్టీ, ఇంజను వేడిని బట్టీ ట్యాంకును గుర్తుపడుతుంది. మైదానంలో పెట్టింది చెక్క ట్యాంకు కాబట్టి వేడి కోసం లోపల బొగ్గుల పొయ్యి ముట్టించారు. ఇప్పుడా పొయ్యి కాస్తా ఆరింది. గద్ద వేడిని వెతుక్కుంటూ, అప్పుడే గేటు దాటి వస్తున్న ఆయుధ సంస్థ ఛీఫ్ గారి జీపు మీదికి తిరిగింది.

ఇంజినీరు హడావిడిగా దాడి ఆపే మీట నొక్కాడు. పరీక్ష కాబట్టి గద్దలో మందుగుండు లేదు. అది జీపు నెత్తి మీదుగా దూసుకుపోయి బురదలో ముక్కు గుచ్చుకుని ఆగింది.

ఛీఫ్ జీపు దిగి టోపీ సర్దుకున్నాడు.

"నన్ను చూసి ట్యాంకనుకుందా?"

"మిమ్మల్ని కాదు సార్... జీపుని."

"ఆ మాట చెప్పి బతికించావు. సరిహద్దులో యుద్ధం ముదిరింది. వచ్చే నెల మీ గద్దల్ని పంపిస్తున్నాం. అక్కడ కూడా ఇదే వరసైతే మీ సెక్షన్ మూసేస్తా. నువ్వెళ్లి మళ్లీ సీలింగ్ ఫ్యాన్లు చేసుకుందువుగాని. అవీ తిరిగేవే కదా!"

జీపు వెళ్లిపోగానే ఇంజినీరు బావమరిది మీద విరుచుకుపడ్డాడు. బావమరిది సినిమా సెట్టింగులు వేసే వడ్రంగి. వాళ్లక్క పోరు పడలేక ఈ చెక్క ట్యాంకుల పని ఇప్పించింది ఇంజినీరే.

"పొయ్యి చూసుకోమంటే ఎక్కడ చచ్చావురా?"

"ఫోనొచ్చింది బావా. సినిమావాళ్లు. షెడ్డులో మన ట్యాంకు చూసి తెగ ముచ్చటపడ్డారు. ఏదో యుద్ధం సినిమా అట. అచ్చం అలాంటివే షెడ్డు నిండా చేసిమ్మన్నారు."

"హీరో ఎవరు?"

"చెప్పలేదు. పెద్ద సినిమాలు అంతే బావా, అన్నీ గుట్టుగా ఉంచుతారు. పొయ్యితో సహా కావాలట. డైరెక్టరుకి సహజత్వం పిచ్చట."

"ఇక్కడ నా కొంప మునుగుతుంటే నీకు సినిమాలు!"

"నీ కొంపకేం కాదు. నా ట్యాంకునీ అసలుదాన్నీ పక్కపక్కన పెడితే మిలట్రీ వాళ్లే తికమకపడతారు."

"అదేరా నా ఏడుపు. గద్ద పుట్టిన దగ్గర్నుంచీ చూసింది నీ చెక్క ట్యాంకుల్నే. రేపు అసలుది ఎదురైతే, ఇదెవరబ్బా కొత్తగా ఉందని పక్కకెళ్లిపోతే?"

బావమరిది పొయ్యి ఊదడానికి వెళ్లాడు.

గద్దలు యుద్ధానికి బయల్దేరిన రోజు నుంచి ఇంజినీరుకి తిండీ నిద్రా కరువయ్యాయి. పక్కింటి వాళ్లు మిక్సీ వేసినా ఉలిక్కిపడేవాడు. ఒకరోజు కాఫీ ఇస్తూ భార్య అడిగింది.

"ఆ ట్యాంకుల్లో మనుషులుంటారు కదండీ?"

"ట్యాంకన్నాక ఉండరా?"

"మరి వాళ్లు..."

"ముందు గురి కుదరనీవే. మిగతావన్నీ తర్వాత ఆలోచిద్దాం."

మర్నాడే ఛీఫ్ ఫోన్ చేశాడు. "ఉన్నపళంగా రావయ్యా! నిన్న దాడి జరిగింది. ఒక్కటంటే ఒక్క గద్ద గురి తప్పలేదు!"

హాల్లో తెర మీద వీడియో వేశారు. చెట్ల కింద వరసగా శత్రువు ట్యాంకులు. పైన గద్దలు తీరిగ్గా తిరిగాయి. తర్వాత ఒకదాని వెనక ఒకటి రెక్కలు వంచి దిగాయి. భగ్గుమని మంటలు. చూస్తుండగానే వరస మొత్తం తగలబడిపోయింది. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

"చూశారా! ఒక్కడు కూడా బయటికి దూకలేదు," అన్నాడు ఛీఫ్ మీసం దువ్వుకుంటూ. "ఆ వ్యవధే ఇవ్వలేదు మనవాడు!"

ఇంజినీరు మెడలో దండ పడింది. ప్రమోషన్ కూడా అక్కడికక్కడే ప్రకటించారు. ఆయన నవ్వుతూ అందరికీ దణ్ణాలు పెట్టాడు. ఆ నవ్వు అలాగే మొహానికి అతుక్కుపోయింది, ఇంటికొచ్చి గుమ్మం దాటాక గానీ ఊడిపోలేదు.

టీవీలోనూ అవే మంటలు. భార్య వచ్చి కట్టేసింది. కంచం ముందు కూర్చున్నాడు గానీ దాన్ని పక్కకి జరిపేశాడు.

"ఒక్కడూ దూకలేదే," అన్నాడు. "ఏ తల్లి కన్న బిడ్డలో! ఫ్యాన్లు చేసుకుంటూ ఉన్నా బాగుండేది. వాటివల్ల ఎవడికైనా వస్తే మహా అయితే జలుబు వచ్చేది."

ఆమె పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఇంజినీరు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

సరిగ్గా అప్పుడే బావమరిది మొహం చేటంత చేసుకుని లోపలికొచ్చాడు.

"బావా, నీకే కాదు, నాకూ దశ తిరిగింది! సినిమావాళ్లు మళ్లీ ఫోన్ చేశారు. ట్యాంకులన్నీ మళ్లీ మొదట్నుంచి చెయ్యాలట. అర్జెంటట!"

"మొన్ననే కదరా వాళ్ల లారీలొచ్చి పట్టుకెళ్లాయి? వాటికేమైంది?" అంది అక్క.

"నిన్న సెట్టింగు మొత్తం తగలబడిపోయిందట."