మొదటి సంతకం

రక్షణ శాఖలో ఏ ఫైలైనా కింది నుంచే పైకి వెళుతుంది. ముందు గుమాస్తా సంతకం, చివర మంత్రిది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న గుమాస్తా దగ్గరికి పైనుంచి వచ్చిన ఫైలులో ఆమెది తప్ప అందరి సంతకాలూ ఉన్నాయి. అది సరిహద్దులో ఒక జవాను మరణాన్ని ధ్రువీకరించే ఫైలు. పేరు, నంబరు ఆమె తమ్ముడివి.

వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది.

"నాకేం, గుండ్రాయిలా ఉన్నా. ఇంత రాత్రప్పుడు ఫోన్ చేశావేంటక్కా?"

ఫైలు తెచ్చిన బంట్రోతు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. "సంతకం పెట్టండమ్మా. పైవాళ్లు కాచుకుని ఉన్నారు."

"పెట్టను, పో." ఆమె కలానికి మూత పెట్టేసింది.

"ఒక్క నిమిషం అక్కా," అన్నాడు తమ్ముడు. "ఎవరో కాగితం పట్టుకొచ్చాడు. మీ అక్క పెట్టనందట, నువ్వే పెట్టు అంటున్నాడు."

"వద్దురా!" అని అరిచింది.

ఫోన్‌లో కాగితం మీద కలం కదులుతున్న చప్పుడు వినిపించింది.