సగం కింబాప్

“టీచర్ గారూ, నేను చదువు మానేస్తున్నాను. ఆ మాట చెప్పి వెళ్లిపోదామనే వచ్చాను,” అంది యేరిమ్, గుమ్మంలో బూట్లయినా విప్పకుండా.

యూనివర్సిటీ కౌన్సెలింగ్ గదిలో కిటికీ పక్కన కూర్చున్న ముసలావిడ ఉలిక్కిపడింది. “అయ్యో, నన్ను టీచరంటావేంటమ్మా! ముందు లోపలికొచ్చి తలుపెయ్యి. చలి కొడుతోంది.”

బల్ల వెనక కౌన్సెలర్ కుర్చీ ఖాళీగా ఉంది. ఆవిడ నేల మీదే కాళ్లు చాపుకుని చతికిలబడి ఉంది. ఎంత కలుపుగోలు మనిషో అనుకుంది యేరిమ్. బూట్లు విప్పి తానూ, అడుగు నుంచి వేడి పెట్టిన ఆ వెచ్చటి నేల మీద కూలబడింది.

చున్‌చన్ ఊళ్లోని సరస్సు మీంచి లేచిన పొగమంచు కిటికీ దాకా వచ్చేసింది. బయట చెట్లు లేవు, భవనాలు లేవు. లోకంలో ఈ గది ఒక్కటే మిగిలినట్టుంది. కెటిల్‌లో బార్లీ టీ సన్నగా గుసగుసలాడుతోంది. ఒళ్లు వెచ్చబడి కళ్లు మూతలు పడుతుంటే, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని మాట దానంతటదే జారింది.

“నాకు రాత్రిళ్లు నిద్ర పట్టదండీ.”

“నాకూ అంతే తల్లీ. తెల్లారుతోందంటే గుండె దడ.”

“ఊరుకోండి, మీకెందుకండీ దడ!” యేరిమ్ నవ్వేసింది. “క్యాంటీన్‌లో అందరూ గుంపులుగా కూర్చుంటారు. నేనొక్కదాన్నే తింటుంటే అందరూ నన్నే చూస్తున్నట్టుంటుంది. అందుకే లైబ్రరీ వెనక మెట్ల మీద తినేస్తాను.”

“కింది మెట్లా? అక్కడ గాలి కోసేస్తుంది. పై మెట్ల మీదయితే మధ్యాహ్నం కాస్త ఎండ పడుతుంది.”

“మీకెలా తెలుసు?”

“నేను తినేది అక్కడే.”

ఈ కౌన్సెలర్లకి ఇలా మాట్లాడటం నేర్పుతారు కాబోలు అనుకుంది యేరిమ్. నేర్పితే నేర్పారు, ప్రాణానికి మాత్రం హాయిగా ఉంది.

ముసలావిడ సంచిలోని లావుపాటి పాఠ్యపుస్తకాలు పక్కకు నెట్టి, సముద్రపు నాచు రేకుల్లో అన్నం చుట్టిన కింబాప్ పొట్లం తీసింది. “పొద్దున్నే చుట్టాను. సగం నువ్వు తిను.”

నువ్వుల నూనె వాసన గుప్పుమంది. ఎదురుగా ఒక మనిషి ఉండగా అన్నం తిని ఎన్నాళ్లయిందో! యేరిమ్ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. కళ్లనీళ్లు జలజలా రాలాయి.

“చరిత్ర విభాగంలో రెండో ఏడండీ. కొత్తగా చేరినవాళ్లు ‘సీనియర్, భోజనం పెట్టించండి’ అంటూ అందరి వెంటా పడతారు. నన్ను మాత్రం ఒక్కరంటే ఒక్కరు సీనియర్ అని పిలవలేదు. నేను మానేస్తే ఎవరికి తెలుస్తుంది చెప్పండి?”

ముసలావిడ చాపిన కాళ్లు గబుక్కున ముడుచుకుంది. “చరిత్రా? రెండో ఏడా?” అంది. ఇంకో కింబాప్ ముక్క యేరిమ్ ముందుకు జరిపి, “నాకు తెలుస్తుంది,” అంది మెల్లగా. “సోమవారం ఆ పై మెట్ల మీద ఇద్దరం కలిసి తిందామా?”

“నిజంగా వస్తారా?”

“కింబాప్ నేనే తెస్తాను.”

కిటికీ అవతల ఒక చెట్టు కొమ్మ మసకమసకగా తేలింది. యేరిమ్ చెంపలు తుడుచుకుంది.

“అయితే మాననండీ. సోమవారం క్లాసుకెళ్తాను.”

ముసలావిడ ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకుని, నెరిసిన తల నేలకు తాకేంతగా వంచింది.

“అయితే నేనూ చదువు మానను, సీనియర్ గారూ!”