చివరి ముప్పై గజాలు

జుబియా వచ్చేసరికి ఎవరో ముసలాయన ఆమె రన్‌వేని గునపంతో పొడుస్తున్నాడు.

రన్‌వే అంటే పెద్ద మాట. పామర్రు పక్కన వెంకటప్పయ్య గారి పొలం. జుబియా తండ్రి అష్ఫాక్ దగ్గర ఆయన మూడు లారీలకు బాడీలు కట్టించుకున్నాడు. ఆ చనువుతో, ఖాళీ పొలమేగా, కాలవలకు నీళ్లు వదిలేదాకా వాడుకోమన్నాడు.

వాడుకుంది. మార్చిలో పిచ్చిమొక్కలేవో మోకాలెత్తున ఉంటే ట్రాక్టరుతో గీకించింది. మట్టి పోయించి రోలరు తొక్కించింది.

ఇప్పుడు మే నెల. నీళ్లొచ్చాయంటే రన్‌వే కాస్తా వరిమడి, విమానం కాస్తా పడవ. మళ్లీ ఏడాది ఆగాలి.

ఆగే రకం కాదు జుబియా. విజయవాడ ఆటోనగర్‌లో, లారీల మధ్య, నాలుగేళ్లు రెక్కలు ముక్కలు చేసుకుని కట్టిన రెక్కలవి. ఒకటే సీటు. షెడ్డు పెయింటరు అలవాటు కొద్దీ తోక మీద ‘హారన్ కొట్టండి’ అని రాసేశాడు.

విమానం అన్న రోజు నుంచీ అవమానమే.

ఒకటే సీటయితే పెళ్లికొడుకు ఎక్కడ కూర్చుంటాడని బంధువులు అడిగారు. రెక్క పట్టుకుని వేలాడతాడంది.

అమ్మాయి గాలికి తిరుగుతోందన్నారు. గాలి లేకుండా విమానం తిరగదంది.

కూలిపోతుందన్నారు. కూలికి కట్టింది కాదు, కూలదంది.

ఎగరడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. కాగితాల మీద పడాల్సిన సంతకాలన్నీ పడ్డాయి. అయినా నోరున్న ప్రతివాడూ వద్దనేవాడే. నాలుగేళ్లుగా విని విని, ఆమె చెవికి వద్దులన్నీ ఒకేలా వినపడేవి.

“ఏవండీ పెద్దాయనా, ఎవరు పంపించారు మిమ్మల్ని?”

అతను గునపం ఆపాడు. పేరు ఆమోసు అన్నాడు. పక్కన తట్టలో ఇసుక, తరిగిన గడ్డి కలిపిన బురద.

“ఎవరూ పంపలేదమ్మా. కింద బోలుగా ఉంది. పడమట నుంచి పూడ్చుకొస్తున్నా. ఇంకో ముప్పై గజాలుంది.”

“దీన్ని పది టన్నుల రోలరు తొక్కిందండీ.”

“రోలరు పైన తొక్కిద్దమ్మా. రేగడి లోపల పగిలిద్ది.”

“రేపు నేను ఎగురుతుంటే ఇవాళ మీరు నేల తవ్వుతున్నారు. ఇదంతా నా మంచికే అనుకోవాలా?”

ఎల్లుండి దాకా ఆగమన్నాడు ఆమోసు.

ఆగమన్న మాట వింటే ఆమెకు కోపం ఆగదు. మళ్లీ ఈ పొలంలో అడుగు పెడితే బాగోదని చెప్పేసింది.

ఆ మాటకు అతను ఏదో అనబోయాడు. పొలం ఆ చివర నుంచి ఈ చివరకి చూశాడు. ఎర్ర తువ్వాలు అంచు చించి, ఒక పుల్లకు కట్టి, పూడ్చిన చోటు వరకూ వచ్చి గుచ్చాడు.

“దీనికి ఇవతలే లేచిపోమ్మా. ఇవతలే దిగు.”

అతను కనుమరుగు కాగానే జుబియా ఆ పుల్ల పీకేసింది.

మర్నాడు పొద్దున విమానం లేచింది.

గట్టు మీద సగం ఊరుంది. పడితే చూద్దామని వచ్చినవాళ్లు మెడలు పట్టేసేదాకా పైకే చూశారు. కాలవ మీదుగా, కొబ్బరిచెట్ల మీదుగా ఆరు నిమిషాలు. అష్ఫాక్ కంట్లో దుమ్ము పడిందని చెప్పి రెండు కళ్లూ తుడుచుకున్నాడు.

దిగింది. చక్రాలు నేలకు ఆని, పరుగెత్తి, పుల్ల పీకిన చోటు దాటి నాలుగు గజాలు పోయాయో లేదో, నోరు లేదనుకున్న నేల నోరు తెరిచింది. ముందు చక్రం మోకాలి లోతు నెర్రెలోకి దిగబడింది. ప్రొపెల్లర్ విరిగింది. ఎడమ రెక్క వంగింది. జుబియా ముక్కు పగిలింది.

ముందే చెప్పామంటూ గట్టంతా పరుగెత్తుకొచ్చింది.

“ఎగిరానా లేదా?” అంది జుబియా, చున్నీతో ముక్కు అదిమి పట్టుకుని. “రెక్క మళ్లీ కడతా. మళ్లీ ఎగురుతా.”

జనం వెళ్లాక ఒక గునపం అడిగి తీసుకుని పడమటి చివర నుంచి పొడుచుకుంటూ వచ్చింది. నలభై ఒక్క చోట్ల నెర్రెలు పూడ్చి, రాయిలా దిమ్మిస కొట్టి ఉన్నాయి. ఆమె చక్రాలు పరుగెత్తిందంతా ఆ ముసలాయన చేతుల మీద.

వాళ్లనీ వీళ్లనీ అడిగి ఆమోసు ఇల్లు పట్టుకుంది. అతను లేడు. కైకలూరు వైపు చేపల చెరువు కాపలాకు కుదిరి, పొద్దున్నే బస్సెక్కేశాడని భార్య ఎలిజబెత్ చెప్పింది. విమానం ఎగరడం బస్సు కిటికీలోంచి చూశానని ఫోను కూడా చేశాడట.

ఇంటి పక్క పాకలో రెండు గుంజలు, వాటికి రెండు పలుపుతాళ్లు. గేదెలు లేవు.

“ఆయన నా కోసం ఇదంతా ఎందుకు చేశారండీ?”

“నేనూ అదే అడిగా. పోయింది ఎటూ పోయింది, ఆ పిల్లకేం కాకూడదన్నాడు.”

“ఏం పోయింది?”

ఎలిజబెత్ ఖాళీ గుంజల వంక చూసింది.

“ఆ పొలం మా కౌలేనమ్మా. మార్చిలో మీరు గీకించినవి పిచ్చిమొక్కలు కాదు, గేదెల మేతకని ఆయన చల్లుకున్న పిల్లిపెసర.”